బడిలో చదరంగము

గుంటూరు పట్టణమున పెక్కు పేటలలో నేడు చదరంగము నేర్పు ఇండ్లు కలవు. సాయంకాలము అయిదు గంటలు కొట్టునప్పటికి చిన్నపిల్లలు చుట్టచుట్టిన గళ్లగుడ్డను చంకనిడుకొని, తలిదండ్రుల బండ్ల వెనుక కూర్చుండి అచ్చటికి వచ్చుచుందురు. పిల్లలు లోపలికి పోయిన పిమ్మట పెద్దలు వాకిట నిలుచుండి మాటలాడుకొందురు. ఆ మాటలలో ఒక ప్రశ్న తప్పక వినవచ్చును. ఈ ఆట నేర్చినచో మావానికి లెక్కలు బాగుగా వచ్చునా, మార్కులు పెరుగునా, అని. నేను ఉద్యోగవిరమణము చేసిన తెలుగు పండితుడను. అయినను ఈ ప్రశ్నను నన్నును పలువు రడిగిరి. ఏలయన, పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేసిన దినములలో పదునైదేండ్లకు తక్కువ కాకుండ పిల్లలచేత చదరంగ మాడించితిని. నేను గొప్ప ఆటగాడను కాను. ఆ సంగతి ముందుగనే విన్నవించుకొనుట మంచిది. ఆఱవ తరగతి బాలిక చేతిలో ఓడిన వృత్తాంతము తరువాత చెప్పెదను.

ఈ ప్రశ్న తేలికైనది కాదు. పట్టణములో నెలనెల రుసుము చెల్లించు తండ్రియు, పల్లెలో బిడ్డ తెచ్చు కూలిని వదలుకొను తండ్రియు ఆ నష్టమును చదువు నిమిత్తమే భరించుచున్నారు. అట్టివారికి నిజము చెప్పవలెను. నేనొకప్పుడు నిజము తెలియకయే తెలిసినట్లు చెప్పితిని. ఆ కథయే ఈ ప్రసంగమునకు కారణము.

ముందు ఆటను గూర్చి కొంచెము. ఇది మనకు పరాయిది కాదు. చతురంగమనగా రథ గజ తురగ పదాతులను నాలుగంగములు గల సేన. ఏడవ శతాబ్దమున బాణభట్టు రచించిన హర్షచరితములో ఈ పేరు కానవచ్చును. ఇచ్చటినుండి పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బులకును, వారివలన ఐరోపాకును పోయి, పదునైదవ శతాబ్ది చివర అచ్చట మంత్రికిని శకటుకును నేటి వేగము నలవరచుకొని, ఈ యాట మరల మన యింటికి వచ్చినది. మా తాతగారు ఆడిన పల్లెయాటలో బంటు మొదటి యెత్తున రెండు గళ్లు దాటుట లేదు. రాజు ఆట మొత్తములో ఒక్కమాఱు గుఱ్ఱమువలె దుమకవచ్చును. ఆ పద్ధతులు పోయినవి గాని మాటలు పోలేదు. ఎత్తుకు పైయెత్తు వేసినాడనియు, వాని ఆట కట్టినదనియు బల్లనైనను చూడనివారు చెప్పుచుందురు. మిరపకాయల యార్డులో బేరము కుదిరిన పిమ్మట ఈ మాటలు వినబడని దినము ఉండదు.

నేను గుఱ్ఱపు నడకను బల్లమీద నేర్వలేదు. శ్లోకములో నేర్చితిని. ప్రాచ్యవిద్య నభ్యసించు దినములలో మా గురువుగారు చిత్రకవిత్వము చెప్పుచు తురగపదబంధమును వివరించిరి. తొమ్మిదవ శతాబ్దివాడైన రుద్రటుడు కావ్యాలంకారములో దీనికి ఉదాహరణము రచించినాడు. ముప్పదిరెండక్షరముల అనుష్టుప్పును వరుసకు ఎనిమిదేసి చొప్పున నాలుగు వరుసలుగ వ్రాసినచో అది సరిగా చదరంగపు బల్లలో సగమగును. గుఱ్ఱమును మొదటి అక్షరముపై నుంచి, ఏ గడిపైనను రెండవమాఱు పడకుండ దుమికించుచు, పడిన గళ్ల అక్షరములను వరుసగా చదివినచో మరల ఆ శ్లోకమే వచ్చును. పదునాలుగవ శతాబ్దమున వేదాంతదేశికులు పాదుకాసహస్రములో ఇంకను ముందుకు పోయిరి. ఒక శ్లోకమునందు గుఱ్ఱమును నడిపింపగా వేఱొక శ్లోకము పుట్టును. ఐరోపాలో ఆయిలరు అను గణితవేత్త ఈ నడకనే లెక్కగా తీసికొని విచారించినది పదునెనిమిదవ శతాబ్దమున.

మా గురువుగారు ఆ శ్లోకములను నిద్రలో సైతము గుఱ్ఱపు వరుసలో అప్పగింపగలిగెడివారు. కాని ఆయన చదరంగ మెన్నడు ఆడినవారు కారు. ఒకమాఱు పిల్లల బలవంతముచే బల్లముందు కూర్చుండి పదియెత్తులలో ఓడి, నవ్వుచు లేచిపోయిరి. గుఱ్ఱపు నడకను అంతగా ఎఱిగినవారు గుఱ్ఱమునే పోగొట్టుకొనిరి. ఇది నాకు వింతగా తోచెను గాని, దాని అర్థము నాకు బోధపడుటకు ఇరువదియేండ్లు పట్టినది.

ఇక మన ప్రాంతపు సంగతి. 1986లో గుంటూరిలో జన్మించిన పెండ్యాల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరు బిరుదము పొందెను. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియరు విజేత యయ్యెను. 1991లో గుంటూరిలోనే పుట్టిన ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరయ్యెను. 2012, 2015, 2017 సంవత్సరములలో స్త్రీల ప్రపంచపు పోటీలో కాంస్యపతకములు గెలిచెను. కృష్ణ కావలి గట్టున గుడివాడకు చెందిన కోనేరు హంపి 2002లో తన పదునైదవ యేట గ్రాండ్‌మాస్టరు అయినప్పుడు అంత చిన్న వయస్సున ఆ బిరుదమందిన స్త్రీ లోకమున మఱియొకరు లేరు. ఆమె 2019లోను, మరల 2024లోను వేగపుటాటలో, ర్యాపిడ్ అందురు, ప్రపంచ విజేత్రి యయ్యెను. ఆమెకు గురువు ఆమె తండ్రి అశోక్‌గారే.

పత్తియు మిరపయు తప్ప మనకు వేఱొక ప్రసిద్ధి లేదనుకొనుచున్న కాలమున ఈ బిడ్డల పేర్లు పత్రికలలో వచ్చినవి. నావంటి ఉపాధ్యాయులు పొంగిపోయిరి. చదరంగము తెలివిని పెంచునని మేమందఱమును నమ్మితిమి. ఈ నమ్మకములోని లోపము అప్పుడు కానరాలేదు. హరికృష్ణ చదరంగము బాగుగా ఆడుటవలన తెలియునది అతడు చదరంగము బాగుగా ఆడుననియే. అదియుగాక, అదే యేడు అదే ఊరిలో బల్ల పట్టిన పిల్లలెందఱో కలరు. వారి పేర్లు మన కెవ్వరును చెప్పరు.

2002వ సంవత్సరమున మా పాఠశాలలో బల్ల పెట్టితిని. మా ఊరు అప్పటి గుంటూరు ప్రకాశము జిల్లాల సరిహద్దులలో నల్లరేగడి నేల. వాన పడినచో చెప్పు ఊడిపోవును. ఎండ కాసినచో నేల నెఱ్ఱెలు విచ్చును. కొనితెచ్చిన కాయలలో బంట్లు రెండు నెలలకే పోయినవి. ఒక పక్షమునకు చింతపిక్కలను, రెండవ పక్షమునకు పొట్టు అరగదీసి తెల్లబఱచిన చింతపిక్కలను బంట్లుగా నుంచితిమి. బల్లమీది గళ్లకు పేర్లు కావలెను. లోకమంతట ఇంగ్లీషు అక్షరములు వాడుదురు. నేను పంతముపట్టి కకారము మొదలు జకారము వరకు ఎనిమిది నిలువు వరుసలకు పెట్టితిని. జీవితములో మొదటిసారిగా ఙకారమునకు మా పిల్లలు పని కల్పించిరి.

ఆ యేడు తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెను. తండ్రికి సొంతభూమి లేదు. అరయెకరము కౌలు, మిగిలినది కూలి. మా వైపున పత్తితీత కార్తికమునకు ముందే మొదలగును. కిలోకు ఇంత యని కూలి. అది ముగియకమునుపే మిరపకోతలు వచ్చును. సంక్రాంతి మొదలు ఉగాది దాటువరకు బడిలో వరుసలు పలుచబడుచుండును. చిన్నచేతులు మిరపచెట్టునకు అనుకూలమని రైతు లనుకొందురు. ఆ బాలుడు బల్లముందు కూర్చున్న పదిదినములకే నాకంటె బాగుగా ఆడసాగెను. నేను వాని యింటికి పోయి తండ్రితో చెప్పితిని. శనివారము మధ్యాహ్నములును ఆదివారములును వీనిని పనికి పంపవలదు, బడికి పంపుము, చదరంగము బుద్ధికి పదును పెట్టును, లెక్కలు వానంతట అవియే వచ్చును, అని. ఆతడు కొంతసేపు ఆలోచించి ఒప్పుకొనెను. పండితుడు చెప్పిన మాట గదా.

రెండు కార్ల కూలి పోయినది. 2004లో పదవ తరగతి ఫలితములు వచ్చినవి. బాలుడు గణితములో తప్పిపోయెను.

ఆ సాయంకాలమే తండ్రి మా యింటికి వచ్చెను. కోపముతో రాలేదు. అరుగుమీద కూర్చుండుమన్నను కూర్చుండలేదు. "మాస్టారూ, ఆట నేర్పితే లెక్కలొస్తయ్యన్నారు. మీ మాట మీద రెండేళ్లు వాడి కూలి వదులుకున్నా. ఇప్పుడు నేనేం చెయ్యాలో కూడా మీరే చెప్పండి" అనెను. నాకు మాట రాలేదు. ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడను, ఆ ఒక్క ప్రశ్నకు బదులు చెప్పలేకపోయితిని.

ఆ మఱునాడు బాలుని పిలిచి గణితపు పుస్తకము తెమ్మంటిని. నేను లెక్కల ఉపాధ్యాయుడను కాను. అయినను చూచినకొలది ఒక్కటి స్పష్టమయ్యెను. బల్లమీద మూడెత్తులు ముందు చూడగల వాడు భిన్నమును భిన్నముచే భాగింపలేకుండెను. బీజగణితములో వాని తప్పులన్నియు అచ్చటనే మొదలగుచుండెను. ఏలయని అడిగితిని. అయిదవ తరగతిలో ఆ పాఠము చెప్పిన నెలలలో వాడు మిరపతోటలో ఉండెనట. ఎవ్వరును మరల చెప్పలేదు. ఆ గోతిని చదరంగమెట్లు పూడ్చును?

ఈ విషయమును పరీక్షించి చూచినవారు కలరు. ఇంగ్లండులో 100 పాఠశాలలను తీసికొని, చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసిరి. ఒక భాగమున తొమ్మిది పదియేండ్ల పిల్లలకు బడివేళలలోనే ఒక విద్యాసంవత్సరము 30 గంటలు చదరంగము నేర్పిరి. రెండవ భాగమున నేర్పలేదు. మొత్తము నాలుగువేలకు పైబడిన పిల్లలు. నేర్పుట ముగిసిన ఒక యేడాదికి గణితపరీక్షలో రెండు భాగముల పిల్లలను పోల్చిచూడగా భేదమేమియు కానరాలేదు. చదువుటలోను, విజ్ఞానశాస్త్రములోను గూడ అంతే. ఈ ఫలితము 2016లో ప్రకటితమైనది. అదే యేడు సాలా, గోబే అను ఇరువురు పండితులు అంతకుముందు జరిగిన పరిశోధనల నన్నిటిని ఒకచో చేర్చి తూచిరి. కొంత మేలు కనబడినదనియు, 25 మొదలు 30 గంటలకు తక్కువ కాకుండ నేర్పినచోట అది హెచ్చుగా ఉన్నదనియు చెప్పిరి. కాని వెంటనే ఒక సందేహమును గూడ వెలిబుచ్చిరి. ఆ పరిశోధనలలో హెచ్చుభాగము చదరంగము నేర్చిన పిల్లలను, ఏమియు క్రొత్తగా నేర్వని పిల్లలతో పోల్చినవి. క్రొత్త గురువు, క్రొత్త ఆట, క్రొత్త ఉత్సాహము వచ్చినప్పుడు పిల్లలు కొన్నాళ్లు బాగుగా చదువుదురు. చదరంగమునకు బదులు కోలాటము నేర్పినను అట్లే జరుగునేమో! ఆర్మీనియా దేశము 2011లో చిన్న తరగతులకు చదరంగమును తప్పనిసరి పాఠముగా చేసినది. అది ఆ దేశపు ఇష్టము. వారికి ఆ యాటయందు జాతీయాభిమానము మెండు. మనము దానిని చూచి లెక్కల మార్కులకు హామీ అనుకొనరాదు.

కారణము తెలియవలెనన్నచో ఇంకొక పరీక్షను చెప్పెదను. హాలండులో డిగ్రూట్ అను ఆయన మొదలుపెట్టిన పనిని 1973లో అమెరికాలో చేస్, సైమన్ అను వారు కొనసాగించిరి. ఆడుచుండగా నిలిచిపోయిన ఒక ఆటయొక్క కాయలను అయిదు సెకండ్లు చూపి, బల్లను మూసి, జ్ఞాపకమునుండి పేర్చుమనిరి. ఇంచుమించు 25 కాయలలో ఆరితేరిన ఆటగాడు 16 వరకు సరిగా పెట్టెను. క్రొత్తగా నేర్చినవాడు 4 మాత్రమే పెట్టెను. ఆహా, ఎంత ధారణ అని మనమందుము. అంతట వారు కాయలను ఇష్టము వచ్చినట్లు, ఏ ఆటలోను రాని విధమున చల్లి చూపిరి. అప్పుడు ఆరితేరినవాడును క్రొత్తవాడును ఇంచుమించు సమానులైరి. కనుక పెరిగినది ధారణాశక్తి కాదు. చదరంగపు వరుసల పరిచయము.

ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. అమరకోశము నాకు కంఠస్థము. గొడుగెక్కడ పెట్టితినో రోజును వెదకుకొందును. మిరపకాయల టిక్కీలో చేయి పెట్టినంతనే తేమ ఎంతయో చెప్పగల తూకపువారు గుంటూరులో కలరు. అదే చేతిని ధాన్యపు బస్తాలో పెట్టినచో మనవలెనే తెల్లబోవుదురు. మా గురువుగారి గుఱ్ఱము శ్లోకమునుండి బల్లమీదికి దుమకలేదు. ఒక విద్య వేఱొక విద్యలోనికి తనంతట తాను పోదు. ఎవరైనను చేయిపట్టుకొని దాటింపవలెను. 2004లో నాకీ పరీక్షల సంగతి తెలియదు. ఇంగ్లండు పరీక్ష అప్పటికి జరుగనే లేదు. ఆ బాలుని పుస్తకము మాత్రము నాకు ఈ పాఠము చెప్పెను.

ఆ బాలుడు తాను ఆడిన ఆటలను వ్రాసి పెట్టుకొనెడివాడు. పోటీలలో ఆటగాడు తన యెత్తులను వ్రాయవలయునను నియమము కలదు గనుక ఆ అలవాటు పిల్లలకు మొదటినుండి చేయించితిని. ఓడిన ఆటను మఱునాడు మరల పేర్చి, ఎచ్చట పొరబడితినో చూచి, ఆ యెత్తుప్రక్కన ఎఱ్ఱసిరాతో గీత పెట్టవలెను. దానిని చెఱుపరాదు. ఓడిన ఆట పుటను చించరాదు. వాని పుస్తకములో అట్టి గీతలు వందలు కలవు. కాని వాని గణితపు పుస్తకమున తప్పులన్నియు రబ్బరుతో తుడిచివేయబడినవి. ఒకే బాలుడు, ఒకే చేయి. ఒకచోట తప్పును దాచుకొనెను, ఒకచోట వెదకి పట్టుకొనెను.

అప్పుడు నాకొక ఉపాయము తోచెను. లెక్కను గూడ ఆటవలె వ్రాయుమంటిని. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క యెత్తు. జవాబు తప్పినప్పుడు మొదటినుండి ఎత్తులు వరుసగా చూచుకొని, తప్పుయెత్తు దగ్గర ఎఱ్ఱగీత పెట్టవలెను. మా గణితోపాధ్యాయులు దయతో సాయంకాలములు మా అరుగుమీదికి వచ్చి భిన్నములు మొదటినుండి చెప్పిరి. మూడు వారములకు ఆ పుటలలో గీతలన్నియు ఒక్కచోటనే పడుచున్నట్లు బాలుడే కనిపెట్టెను. "మాస్టారూ, నేను ఎప్పుడూ ఇక్కడే ఓడిపోతున్నా" అనెను. తండ్రి ఆ యేడు గూడ వానిని ఆదివారములు కూలికి తీసికొనిపోయెను. నేను వలదనలేదు. అనుటకు నాకు మొగము లేదు. మఱుసటి మార్చిలో వాడు 41 మార్కులతో గణితమున ఉత్తీర్ణుడయ్యెను. ఇప్పుడు ఒక శీతల గిడ్డంగిలో మిరపటిక్కీల లెక్కలు వ్రాయుచున్నాడు.

చదరంగము లేకుండ ఆ లెక్కల పుస్తకమొక్కటియే పెట్టించినచో వాడు ఉత్తీర్ణుడు కాకపోవునా, అని ఎవరైనను అడుగవచ్చును. అయి ఉండవచ్చును. ఒక్క బాలుని కథతో సిద్ధాంతము చేయలేను. కాని తన తప్పును తానే సిగ్గులేక వెదకుకొను పనికి వాడు వెంటనే ఒప్పుకొనెను. ఇతర బాలురకు అదే పని చెప్పగా పుస్తకము దాచుకొనిరి. ఆ సంగతి నా కన్నులతో చూచితిని.

మార్కుల మాట అటుంచి, ఈ యాట పిల్లల నడవడిలో చేయు పని యేమి? నాకు తెలిసినంతలో మొదటిది ఓటమి. మన బడులలో పిల్లవానికి ఓడుట నేర్పు పాఠము లేదు. తప్పినప్పుడు తిట్టుదుము, లేదా ఊరడింతుము. చదరంగములో ఓడినవాడు లేచి ఎదుటివానితో చేయి కలిపి, ఇద్దఱును కూర్చుండి ఎచ్చట పోయినదో మాటలాడుకొందురు. కబడ్డీలో ఓడినచో కాలు జాఱినదనవచ్చును, జట్టుమీద నెట్టవచ్చును. పచ్చీసులో ఓడినచో గవ్వలను తిట్టవచ్చును. ఇచ్చట తప్పించుకొను దారి లేదు. మొదట ఇది కొందఱకు మిక్కిలి కష్టము. ఒకడు ఓడినప్పుడెల్ల బల్లను తలక్రిందు చేసెడివాడు. వానిని నేను దండింపలేదు. చెదరిన చింతపిక్కలన్నియు ఏఱి, అదే స్థితిని జ్ఞాపకము తెచ్చుకొని మరల పేర్చుమని మాత్రము నియమము పెట్టితిని. పేర్చుచుండగానే వాని కోపము పోవుచుండెను. ఆ సంవత్సరమంతయు పేర్చినాడు. ఇంటిలో వాని కోపము తగ్గినదా యని మాత్రము అడుగవలదు. తగ్గలేదని వాని తల్లియే చెప్పినది!

ఓటమి పిల్లలకు మాత్రమేనా? ముందు చెప్పెదనన్న వృత్తాంతమిది. ఆఱవ తరగతి బాలిక ఒకతె. తల్లి గిడ్డంగులలో మిరపకాయలకు తొడిమలు తీయు పని చేయును. ఒక శనివారము తరగతి అంతయు చుట్టు మూగియుండగా ఆమెతో ఆడుచున్నాను. శకటును పట్టుకొంటిని. పట్టుకొన్నపిమ్మట అది కదలినచో మంత్రి పోవునని చూచి, చేయి వెనుకకు తీసికొంటిని. ఆ బాలిక తల యెత్తి, "మాస్టారూ, ముట్టుకున్న కాయే ఆడాలని మీరేగా చెప్పింది" అనెను. గది నిశ్శబ్దమయ్యెను. వెలుతురు చాలలేదనియో, పరధ్యానమనియో ఒక మాట నాలుకవఱకు వచ్చినది. శకటునే ఆడితిని. మంత్రి పోయెను, ఆటయు పోయెను. ఆమెతో చేయి కలిపితిని. ఆనాటి వఱకు ఆ బాలిక తరగతిలో నోరు తెఱచి ఎఱుగదు. ఆ సోమవారము ఛందస్సు చెప్పుచు నల్లబల్లమీద నేను గణవిభజనము తప్పుగా వ్రాయగా లేచి చెప్పినది. మా ఊరిలో కూలివారి బిడ్డ పంతులు తప్పు చెప్పుట నేను చూచిన మొదటిసారి అది. ఏ పరీక్షలోను దీనికి మార్కులు లేవు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకొనవలెను. మన పల్లెలలో చదరంగము, పులిజూదము రచ్చబండమీది ఆటలు. రచ్చబండ మగవారిది. ఆడపిల్ల కూర్చుండుటకు బడి తప్ప వేఱొక చోటు లేదు. ఆ బాలిక ఎనిమిదవ తరగతి నడుమ రాక మానెను. బడికి వచ్చును గాని బల్లదగ్గఱకు రాదు. ఇంటికి పోయి అడుగగా అవ్వ, "పెద్దపిల్లయింది బాబూ, మగపిల్లలతో ఎదురెదురుగా కూర్చుంటే నలుగురూ ఏమంటారు" అనెను. అప్పుడు ఒక ఉపాధ్యాయిని సాయముతో బాలికల గదిలో వేఱుగ ఒక బల్ల పెట్టించితిని. నలుగు రైదుగురు మరల వచ్చిరి. ఈ బాలిక రాలేదు. ముందే చేయవలసినది. నాకు తోచలేదు.

2024 సెప్టెంబరులో హంగరీదేశపు బుడాపెస్టు నగరమున జరిగిన ఒలింపియాడులో భారతదేశపు పురుషుల జట్టును స్త్రీల జట్టును రెండును ప్రథమస్థానము పొందినవి. అంతకు మునుపు మనకు ఆ గౌరవము దక్కలేదు. మొదటి జట్టులో హరికృష్ణ ఉండెను, రెండవదానిలో హారిక ఉండెను. ఇద్దఱును గుంటూరు బిడ్డలే. హారిక 2022లో చెన్నై ఒలింపియాడులో నిండుగర్భిణిగా ఆడి జట్టుతో కాంస్యము గెలిచిన వార్త విన్నప్పుడు నాకు మా ఊరి అవ్వ మాట గుర్తునకు వచ్చెను.

పట్టణపు తలిదండ్రులతో ఒక్క మాట. ఏడేండ్ల బిడ్డ ఓడి వెలుపలికి రాగానే వాకిటనే నిలువబెట్టి, ఆ గుఱ్ఱము నెందుకు పోగొట్టితివని నిలదీయువారిని చూచినాను. ఆ బిడ్డ లోపల నేర్చినదంతయు వాకిట పోవుచున్నది. చరవాణిలో నిమిషమున కొక ఆట ఆడుటయు నేను చెప్పుచున్న చదరంగము కాదు. అందులో ఆగి చూచుటకు తావు లేదు, పుస్తకములో ఎఱ్ఱగీత లేదు. రుసుము కట్టగలవారు కట్టుడు. బిడ్డకు ఇష్టమున్నచో ఆడనిండు. లెక్కలు రాకున్నచో లెక్కలు చెప్పించుడు. ఈ రెండును ఒకదానికొకటి బదులు కావు.

ప్రధానోపాధ్యాయులతో ఇంకొక మాట కలదు. చాల బడులలో చదరంగపు బల్లలు ఉన్నవి. ఆటవస్తువుల నిధులతో కొన్నవి. అవి అట్టపెట్టెలలోనే, బీరువాలో, తాళము క్రింద ఉన్నవి. తనిఖీకి వచ్చినవారికి లెక్క చూపవలెనని, కాయ పోయినచో జవాబు చెప్పవలసివచ్చునని భయము. ఆ భయము నేనెఱుగుదును. నేనును ఒక యేడు అట్లే దాచితిని. బంట్లు పోవును. చింతపిక్కలు మన ఊళ్లలో కొదువ లేదు. బీరువా తాళపుచెవిని ఏడవ తరగతి బాలిక నొకతెను పిలిచి ఆమె చేతి కిండు. సంక్రాంతికి ముందే ఇండు, ఆ తరువాత కోతలు మొదలగును.